పందెం సొమ్ము, మదుపు సొమ్ము

రేపు ఎక్కువవుతుందన్న ఆశతో చేతిలోని సొమ్మును నేడు వదులుకోవడం జూదంలోనూ ఉంది, మదుపులోనూ ఉంది. రెండింటిలోనూ ఫలితం ముందుగా తెలియదు, రెండింటిలోనూ నష్టపోయే వీలుంది. ఈ పోలికను పట్టుకుని షేర్ మార్కెట్ కూడా జూదమేనని కొట్టిపారేసేవారు పాత తరంలో ఎక్కువగా కనిపిస్తారు. అదే పోలికను తిరగేసి, రమ్మీ యాప్‌లో వేసే డబ్బు కూడా ఒక రకం పెట్టుబడేనని తమకు తాము సర్దిచెప్పుకునేవారు కొత్త తరంలో కనిపిస్తారు. రెండు మాటలూ పొరపాటే. ఒక వ్యవహారం జూదమా, మదుపా అన్నది దానికున్న పేరును బట్టి గాని, దాన్ని నడిపే సంస్థకున్న లైసెన్సును బట్టి గాని తేలేది కాదు. అందులో ఒకరికి వచ్చే లాభం ఎక్కడి నుంచి పుడుతున్నది, అందులో గడిచే కాలం ఎవరికి కలిసివస్తున్నది అన్న రెండు ప్రశ్నలకు దొరికే జవాబులను బట్టి అది తేలుతుంది.

ఈ ప్రశ్నలను హైదరాబాదు శివారులోని బాచుపల్లిని ఎదురుగా పెట్టుకుని పరిశీలించడానికి తగిన కారణాలున్నాయి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో మండల కేంద్రమైన ఈ ఊరు మందుల కర్మాగారాలకూ, ఇంజినీరింగ్ కళాశాలలకూ, ఎత్తైన అపార్టుమెంట్లకూ ఒకేసారి నెలవు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కార్యాలయాలలో పనిచేసే ఉద్యోగులు అనేకులు ఇక్కడా, పక్కనున్న నిజాంపేట, ప్రగతినగర్, మల్లంపేటలలోనూ కాపురముంటున్నారు. నెలాఖరుకు జీతం ఖాతాలో పడుతుంది, మొదటి వారంలోనే ఇంటి రుణం కిస్తీ కట్ అవుతుంది, మిగిలినది ఎంతో ఫోన్‌లో ఎప్పటికప్పుడు కనిపిస్తూనే ఉంటుంది. జూదం గాని, మదుపు గాని ఆ మిగులులోంచే మొదలవుతుంది; రెండూ అదే ఫోన్‌లో, అదే యూపీఐ పిన్ నంబరుతో జరుగుతాయి. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణపై సినిమా నటులూ, సామాజిక మాధ్యమాలలో పేరున్నవారూ కలిపి పాతికమంది మీద 2025 మార్చిలో కేసు నమోదైంది బాచుపల్లికి ఆనుకునే ఉన్న మియాపూర్ పోలీసు స్టేషనులోనే. ఆ నెలలోనే తెలంగాణ ప్రభుత్వం బెట్టింగ్ యాప్‌లపై ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ప్రకటించింది.

చట్టం ఈ విషయాన్ని చాలాకాలంగా మరొక ప్రశ్నతో చూస్తూ వచ్చింది. ఆటలో గెలుపు నైపుణ్యం వల్ల వచ్చినదా, అదృష్టం వల్ల వచ్చినదా అన్నది ఆ ప్రశ్న. దీనికి సంబంధించి దేశమంతటా నేటికీ ఉదహరించే తీర్పు హైదరాబాదు జంటనగరాల నుంచే పుట్టింది. 1963లో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ అన్న పేరుతో అది సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, 1967 నవంబరులో కోర్టు రమ్మీని మూడుముక్కలాటతో పోల్చడానికి వీలులేదనీ, పడిన ముక్కలను గుర్తుంచుకోవడంలోనూ, ఏ ముక్కను ఉంచుకోవాలో దేన్ని వదిలేయాలో నిర్ణయించుకోవడంలోనూ గణనీయమైన నేర్పు అవసరమనీ తేల్చింది. తరవాతి అర్ధశతాబ్దంలో రమ్మీ వ్యాపారం చేసినవారందరూ ఈ వాక్యాన్నే కవచంగా తొడుక్కున్నారు. అయితే అదే తీర్పులో మరొక మాట కూడా ఉంది. దాన్ని చెప్పుకున్నవారు తక్కువ. పందెం పెట్టి ఆడే ఆట మీద ఆ ఇంటి యజమాని గాని, క్లబ్బు గాని లాభం గడిస్తున్నట్టు సాక్ష్యం ఉంటే నేరం రుజువు కావచ్చునని కోర్టు ఆనాడే స్పష్టం చేసింది. అంటే ఆడేవారి నేర్పును గురించి మాట్లాడుతూనే, ఆడించేవాడి ఆదాయం ఎక్కడిదన్న ప్రశ్నను కూడా న్యాయమూర్తులు తెరిచి ఉంచారు. ఈ ప్రసంగానికి అవసరమైన ప్రశ్న ఆ రెండోదే.

ఆ తరవాతి పరిణామాలను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఆర్డినెన్సుల ద్వారా, పిదప చట్టం ద్వారా, 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధం కిందికి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆ బాటనే నడిచింది. రాష్ట్ర చట్టానికి రాష్ట్ర సరిహద్దే హద్దు గనుక, ఫోన్ తానున్న చోటును దాచిపెట్టగలిగినంతకాలం ఆ నిషేధానికి కన్నాలు పడుతూనే వచ్చాయి. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ బిల్లును ఆమోదించగా, ఆ నెల 22న రాష్ట్రపతి సంతకం చేశారు. డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలకు, అవి నైపుణ్యంతో కూడినవా కావా అన్న భేదం లేకుండా, ఈ చట్టం అడ్డుకట్ట వేసింది. ఆడించినవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ప్రచారం చేసినవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా విధించవచ్చునని పేర్కొంది. ఇది అవసరమైన చట్టమే. కాని ఒక యాప్ మూతపడినంత మాత్రాన దాన్ని రోజూ తెరిచే అలవాటు మూతపడదు. ఆ అలవాటు వెతుక్కునే తరవాతి చోటు ఏదన్నది చట్టం కన్నా ముందుగా ఇంట్లోనివారు కనిపెట్టవలసిన సంగతి.

పందెం బల్ల మీద డబ్బు ఎలా కరుగుతుందో ఒక లెక్కగా చూడవచ్చు. ఆరుగురు ఆటగాళ్లు తలా పదివేల రూపాయలతో కూర్చున్నారనీ, అందరూ సమాన నేర్పరులేననీ, ప్రతి ఆటలోనూ కూడిన పందెం సొమ్ములో నిర్వాహకుడు నూటికి పది తన రుసుముగా తీసుకుని మిగిలినది గెలిచినవారికి ఇస్తాడనీ అనుకుందాం. బల్ల మీదున్న మొత్తం 60 వేలు. అదంతా ఒక ఆటకు ఒడ్డితే మిగిలేది 54 వేలు. ఆ 54 వేలనూ మళ్లీ ఒడ్డితే 48,600. ఇలా 22 ఆటలు తిరిగేసరికి ఆరుగురి దగ్గరా కలిపి మిగిలేది ఆరువేల కన్నా తక్కువ. 54 వేలకు పైగా నిర్వాహకుడి ఖాతాలో ఉంటుంది. ఆట ఒక్కటికి ఐదు నిమిషాలనుకుంటే ఇందుకు రెండు గంటలు కూడా పట్టదు. వాస్తవంలో ఎవరూ ఉన్నదంతా ఒకేసారి ఒడ్డరు గనుక గంటలలో జరగవలసినది వారాలలో, నెలలలో జరుగుతుంది, అంతే తేడా. ఆరుగురిలో ఒకరు నిజంగానే మిగతావారికన్నా నేర్పరి అయితే అతని వాటా పెరగవచ్చు. అయితే ఆ పెరిగినది మిగిలిన ఐదుగురి జేబులలోంచి వచ్చినదే తప్ప ఆ బల్ల మీద కొత్తగా పుట్టిన రూపాయి ఒక్కటీ ఉండదు. దీనికి తోడు 2023 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను, అదే ఏడాది అక్టోబరు నుంచి ఆటగాడు వేసే డబ్బు మొత్తం మీద 28 శాతం జీఎస్టీ కూడా పడ్డాయి.

నిర్వాహకుడి ఈ వాటా కొత్త సంగతి కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో జూదశాలలను ఒకచోట చేర్చి పర్యవేక్షించే అధికారి ప్రస్తావన ఉంది; గెలిచిన సొమ్ములో నూటికి ఐదు అతను వసూలు చేయాలని నియమం. అలవాటుగా ఆడేవారు గెలుపోటములను తమ ఎదుట కూర్చున్నవారితో పోల్చి చూసుకుంటారు గాని, ఎదుట కనిపించని ఆ వాటాదారుతో ఎన్నడూ పోల్చుకోరు. జూదంలో కాలం కలిసివచ్చేది అతనికి మాత్రమే. ఒక్క ఆట ఆడి లేచిపోయేవాడు గెలవవచ్చు; ఏళ్ల తరబడి ఆడేవాడికి ఆ వీలు ఆటఆటకూ సన్నగిల్లుతుంది.

ఇంత సులువైన లెక్క చదువుకున్నవారికి, అందులోనూ లెక్కలతోనే బతికే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు, తెలియకపోవడం ఏమిటన్న సందేహం సహజం. తెలియక కాదు. అలవాటు పడిన మనసు లెక్కను పట్టించుకోదు. అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కినర్ తన ప్రయోగాలలో గమనించినదేమిటంటే, ఒక పనికి ప్రతిసారీ ప్రతిఫలం దొరికేటప్పటికన్నా, ఎన్నిసార్లకు దొరుకుతుందో తెలియకుండా అప్పుడప్పుడు దొరికేటప్పుడే జీవి ఆ పనిని మరింత పట్టుదలగా కొనసాగిస్తుంది. పేకలో ఒక్క ముక్క తక్కువై షో చేయలేకపోయిన ఆట, చివరి ఓవరులో చేజారిన పందెం ఓటమిగా కాక కొద్దిలో తప్పిన గెలుపుగా మనసులో నిలుస్తాయి. డేనియల్ కానెమన్, అమోస్ ట్వర్‌స్కీ 1979లో ప్రకటించిన సిద్ధాంతం మరొక మెలికను చూపింది: మనిషికి వంద రూపాయలు వచ్చిన సంతోషం కన్నా వంద పోయిన బాధ ఎక్కువ, పైగా నష్టంలో ఉన్నప్పుడు, ఉన్న నష్టాన్ని ఒప్పుకుని లేవడం కన్నా దాన్ని పూర్తిగా పూడ్చుకునే అవకాశం కోసం మరింత పెద్ద ప్రమాదానికి సిద్ధపడతాడు. పోయిన చోటే రాబట్టుకోవాలన్న పట్టుదల ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో జూద వ్యసనాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. ఆటపై అదుపు తప్పడం, మిగిలిన పనులన్నింటికన్నా దానికే ప్రాధాన్యం పెరగడం, హాని జరుగుతున్నదని తెలిసీ కొనసాగించడం దాని లక్షణాలు. బుద్ధి లేక ఆడుతున్నాడని తిట్టి ఊరుకునే కుటుంబాలు ఈ మూడు లక్షణాలనూ ఒకసారి తీరికగా చూసుకోవాలి.

ఇక్కడే సైబరాబాద్ ఉద్యోగుల విషయంలో ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటుంది. పేకాట మానేసి షేర్ మార్కెట్‌లోకి వచ్చామని చెప్పేవారిలో ఎందరో నిజానికి వచ్చింది షేర్లలోకి కాదు, ఆప్షన్లలోకి. ఆప్షన్ అంటే ఒక షేరును గాని, సూచీని గాని ఒక నిర్ణీత ధరకు, ఒక నిర్ణీత తేదీ నాటికి కొనడానికో అమ్మడానికో ఉండే హక్కు. ఆ హక్కు కోసం ముందుగా చెల్లించేది ప్రీమియం. ఆ తేదీ గడిచిపోవడమే ఎక్స్‌పైరీ. తమ దగ్గరున్న సరుకు ధర పడిపోతుందేమోనన్న భయం ఉన్నవారు ఆ నష్టాన్ని ఇతరులకు బదలాయించుకోవడానికి పుట్టిన ఏర్పాటు ఇది. ఆ మేరకు ఉపయోగకరమైనదే. కాని వారం వారం ముగిసే ఆప్షన్‌ను పందెంగా కొనేవారి సంగతి వేరు. నిఫ్టీ సూచీ 24,000 వద్ద ఉన్నదనీ, 24,200 ధరకు కొనే హక్కునిచ్చే ఆప్షన్ ప్రీమియం యూనిట్‌కు వంద రూపాయలనీ, ఒక లాట్‌లో 75 యూనిట్లనీ అనుకుందాం. కట్టవలసినది 7,500 రూపాయలు. కొన్న వ్యక్తి అంచనా నిజమై ఎక్స్‌పైరీ నాటికి నిఫ్టీ 150 పాయింట్లు పెరిగి 24,150కి చేరినా ఆ 7,500లో ఒక్క రూపాయి తిరిగి రాదు. సూచీ 24,300 దాటితే తప్ప లాభం మొదలవదు. మార్కెట్ ఎటు పోతుందో సరిగ్గా చెప్పగలిగినవాడు కూడా ఎప్పుడు పోతుందో చెప్పలేక డబ్బు పోగొట్టుకునే ఏర్పాటు ఇది. గడిచే ప్రతి రోజూ ఆ హక్కు విలువను కొంత తినేస్తుంది.

ఈ బేరంలో ఒకరి లాభం మరొకరి నష్టం. పైన బ్రోకరేజీ, లావాదేవీల పన్ను, ఎక్స్‌ఛేంజ్ రుసుములు, జీఎస్టీ, స్టాంపు సుంకం వరుసగా నిర్వాహకుడి వాటా స్థానంలో కూర్చుంటాయి. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2021–22 నుంచి 2023–24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాలలో ఫ్యూచర్స్ (రాబోయే తేదీకి ముందే ధర కుదుర్చుకునే ఒప్పందాలు), ఆప్షన్లలో లావాదేవీలు జరిపిన కోటిమందికి పైగా వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. వ్యక్తుల మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. 2023–24లో లాభపడినది ప్రధానంగా సొంత డబ్బుతో వ్యాపారం చేసే ట్రేడింగ్ సంస్థలూ, విదేశీ మదుపు సంస్థలూ. వాటి లాభాలలో 95 శాతానికి పైగా కంప్యూటర్ అల్గారిథమ్‌లతో నడిచే ట్రేడింగ్ నుంచే వచ్చాయి. ఆఫీసు మీటింగుకూ మీటింగుకూ మధ్య ఫోన్ తీసి కొనేవ్యక్తి ఎదుట కూర్చున్నది ఎవరో ఈ అంకెలే చెబుతున్నాయి. ఆ అధ్యయనంలో అన్నింటికన్నా కలవరపెట్టే సంగతి మరొకటి: వరుసగా నష్టపోయినవారిలో 75 శాతానికి పైగా మళ్లీ అవే లావాదేవీలలో కొనసాగారు. మదుపరి నష్టం చూసి పద్ధతి మార్చుకుంటాడు. నష్టం పెరిగేకొద్దీ అక్కడే ఉండిపోయేది జూదానికి అలవాటు పడిన మనిషి. సెబీ ఆ ఏడాదే వారం వారం ముగిసే ఆప్షన్లను ఎక్స్‌ఛేంజికి ఒక సూచీకి పరిమితం చేసి, కనీస ఒప్పందం విలువను 15 లక్షలకు పెంచింది. అయినా 2024–25లో సైతం నష్టపోయినవారు 91 శాతం ఉన్నట్టు 2025 జులైలో వెల్లడించింది.

మదుపులో లాభం పుట్టే చోటు వేరు. అందుకు ఉదాహరణ వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు. కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌కు మాత్రలు తయారుచేసే కర్మాగారం ఒకటి బాచుపల్లిలోనే ఉంది. అక్కడ ముడిమందు మాత్రగా మారి, స్ట్రిప్‌లో చేరి, నాణ్యత పరీక్షలు దాటి, దేశవిదేశాలలో ఒక రోగి కొనుక్కునే సరుకవుతుంది. ఆ అమ్మకంలో ఖర్చులూ, జీతాలూ, పన్నులూ పోగా మిగిలినది వాటాదారులది. కంపెనీ అందులో కొంత డివిడెండుగా పంచి, మిగిలినది కొత్త యంత్రాలలోనూ, పరిశోధనలోనూ తిరిగి పెడుతుంది. షేరు అంటే ఆ వాటాకు హక్కుపత్రం. వాటాదారుకు వచ్చిన లాభం మరొక వాటాదారు జేబులోంచి రానవసరం లేదు, అంతకు ముందు లేని ఒక సరుకు తయారై అమ్ముడుపోవడం వల్ల వచ్చింది. ఇలాంటి ఉత్పత్తికి రోజులూ, వారాలూ చాలవు. ఒక మందుకు అనుమతి రావడానికే ఏళ్లు పడుతుంది. దీర్ఘకాలిక మదుపు అన్న మాటలోని దీర్ఘకాలానికి ఆధారం ఇదే. ఒక కంపెనీ పేరు చెప్పినది పని జరిగే తీరు చూపడానికే, కొనమని సలహా ఇవ్వడానికి కాదు.

కాలం మదుపరికి కలిసివచ్చే తీరును చక్రవడ్డీ లెక్క చూపుతుంది. చక్రవడ్డీ అంటే అసలుతో పాటు, అప్పటిదాకా కూడిన వడ్డీకీ వడ్డీ రావడం. నెలకు 5,000 రూపాయల చొప్పున ఏటా 8 శాతం రాబడి వచ్చే చోట వేస్తూపోతే, పదేళ్లలో వేసినది 6 లక్షలు, చేతికి వచ్చేది సుమారు 9 లక్షల 15 వేలు. ఇరవై ఏళ్లకు వేసినది 12 లక్షలు, వచ్చేది సుమారు 29 లక్షల 45 వేలు. ముప్పై ఏళ్లకు వేసినది 18 లక్షలు, వచ్చేది 74 లక్షల పైమాట. ప్రతి దశకంలోనూ వేసినది అదే 6 లక్షలు. మొదటి పదేళ్లలో పెరుగుదల 3 లక్షల చిల్లర అయితే, మూడో పదేళ్లలో అది 39 లక్షలు. ఇందులో నేర్పు ఏమీ లేదు, మధ్యలో కదిలించకపోవడమే ఉంది. ధరల పెరుగుదల ఈ మొత్తాలలో కొంత విలువను హరిస్తుందన్నది నిజమే. బీరువాలో దాచిన డబ్బునూ, పందెంలో గెలిచిన డబ్బునూ కూడా అది అంతే హరిస్తుంది.

అయితే దీర్ఘకాలం అన్న మాట తాయెత్తు కాదు. దానికి కూడా సాక్ష్యం బాచుపల్లిలోనే ఉంది. 2008 డిసెంబరు 16న సాఫ్ట్‌వేర్ సంస్థ సత్యం కంప్యూటర్స్ యాజమాన్యం తమ కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను కంపెనీ డబ్బుతో కొనదలచినట్టు ప్రకటించి, వాటాదారులు తిరగబడడంతో గంటలలోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు కంపెనీ లెక్కలలో 7,000 కోట్లకు పైగా సొమ్ము లేనిది ఉన్నట్టు చూపామని లేఖ ద్వారా ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజులో సత్యం షేరు దాదాపు 78 శాతం పడిపోయింది. మేటాస్ ప్రాపర్టీస్ బాచుపల్లిలో కట్టిస్తున్న హిల్ కౌంటీ ఇళ్ల ప్రాజెక్టులో డబ్బు కట్టిన కొనుగోలుదారులు పనులు నిలిచిపోయి ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. ఆ ప్రాజెక్టు తరవాత ఆర్థిక సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ చేతికి వెళ్లగా, 2018లో ఆ సంస్థే తన అప్పులు చెల్లించలేక కుప్పకూలింది. వీరెవరూ జూదగాళ్లు కారు. ఉద్యోగం, షేర్లు, ఇల్లు మూడూ ఒకే యాజమాన్యం నీడన పెట్టుకున్నవారికి దెబ్బ మూడు వైపుల నుంచీ తగిలింది.

ఆనాడు సత్యం షేరు ముప్పై కంపెనీల సెన్సెక్స్ సూచీలో ఒకటి. ఆ రోజు భయంతో సూచీ కూడా 7 శాతానికి పైగా పడింది; మర్నాటి నుంచే సత్యం స్థానంలో సన్ ఫార్మా చేరింది; ఆ ఏడాది ముగిసేసరికి సెన్సెక్స్ ఏడాది మొదట్లో ఉన్నదానికి ఒకటిన్నర రెట్లకు పైగా ఎదిగింది. సూచీలోని కంపెనీలన్నింటినీ వాటి పాళ్లలో కొనిపెట్టే మ్యూచువల్ ఫండ్‌ను ఇండెక్స్ ఫండ్ అంటారు. ఒక కంపెనీ మోసాన్ని ముందే పసిగట్టగల శక్తి మామూలు ఉద్యోగికి ఉండదు. కాబట్టి అతని ముందున్న మెరుగైన దారి ఏ ఒక్క కంపెనీ పడిపోయినా ఇల్లు కూలకుండా ఉండేట్టు డబ్బును పలుచోట్ల పరచడం. అలా పరచినా ఓపిక తప్పదు. 2008 జనవరిలో 21,000 దాకా వెళ్లిన సెన్సెక్స్ ఆ అక్టోబరులో 8,000 లోపలికి పడింది. శిఖరాన కొన్నవారు దాన్ని స్థిరంగా దాటడం చూడడానికి 2013 చివరిదాకా ఆగవలసి వచ్చింది. అందుచేత ఐదారేళ్లలో పిల్లల ఫీజుకో, గృహప్రవేశానికో కావలసిన డబ్బును ఫండ్లలో పెట్టి, దాన్ని దీర్ఘకాలిక మదుపు అనుకోకూడదు.

ఈ ఓపిక తెలుగు ఇళ్లకు కొత్తది కాదు. ఇరవై నెలలో, నలభై నెలలో చీటీ కట్టే కుటుంబం ఏ నెలా వాయిదా తప్పదు. ఇంట్లో శుభకార్యం ఉన్నా, ఆసుపత్రి ఖర్చు వచ్చినా చీటీ డబ్బు ముందు పక్కన పెట్టాకే మిగిలిన ఖర్చు చూసుకుంటుంది. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద నమోదైన చీటీలో నిర్వాహకుడి కమిషన్‌కు హద్దు ఉంది; 2019 సవరణతో అది 5 నుంచి 7 శాతానికి పెరిగింది. చీటీ పొదుపూ, అప్పూ కలిసిన ఏర్పాటే గాని సంపద పెంచే మదుపు కాదు. నమోదు కాని చీటీలు ఎందరి కొంపలనో ముంచాయి కూడా. అయినా ప్రతి నెలా ఒక తేదీకి, ఒక మొత్తాన్ని, మార్కెట్‌ను గాని, మూడ్‌ను గాని అడగకుండా కట్టేయడమన్న క్రమశిక్షణ అందులో ఉంది. మ్యూచువల్ ఫండ్లలో సిప్ అని పిలిచే నెలవారీ వాయిదా పద్ధతికి కావలసినది అచ్చంగా ఆ గుణమే. ఇంట్లో చీటీ పుస్తకం చూసుకునే ఇల్లాలికి అది ఇప్పటికే ఉంది.

ఉద్యోగులకు తెలియకుండానే నడుస్తున్న మదుపు ఒకటుంది: భవిష్యనిధి. మూలవేతనంలో 12 శాతం ఉద్యోగి వాటాగా కోతపడుతుంది, యజమాని కూడా తన వాటా కడతాడు. 2024–25కు దానిపై వడ్డీ 8.25 శాతం. చేతికి రాకముందే తెగిపోతుంది గనుక అది ఏ యాప్‌లోకీ పోదు. దాని బలమంతా అందులో ఉంది. ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ తీసేసుకునే అలవాటు మాత్రం చక్రవడ్డీ లెక్కను ప్రతిసారీ మొదటి ఏడాదికి తెచ్చి నిలబెడుతుంది. 1968లో మొదలైన పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్‌కు పదిహేనేళ్ల గడువు, ఏటా లక్షన్నర గరిష్ఠ పరిమితి. 2020 ఏప్రిల్‌లో 7.1 శాతానికి తగ్గిన దాని వడ్డీ ఆ తరవాత ఏళ్ల తరబడి అక్కడే నిలిచింది. ఆకర్షణ లేని అంకెలే ఇవి. జూదం రుచి తెలిసిన మనసుకు ఆకర్షణ లేని చోటే క్షేమం.

జూదం మానిన మనిషి ముందు మదుపు మొదలుపెట్టాలన్న తొందర కూడా సరికాదు. క్రెడిట్ కార్డు బకాయి మీద నూటికి మూడు రూపాయలు, మూడున్నర రూపాయలు నెలవారీ వడ్డీ నడుస్తుంటే ఏడాదికి అది 36 నుంచి 42 శాతం. ఏ ఫండూ అంత రాబడిని నమ్మకంగా ఇవ్వలేదు. కాబట్టి మొదటి మదుపు ఆ అప్పు తీర్చడమే. రుణ యాప్‌ల నుంచి, తోటి ఉద్యోగుల నుంచి, బావమరిది నుంచి తెచ్చిన మొత్తాలన్నీ ఒక కాగితం మీద రాసి ఇంట్లోవారి ముందు పెట్టడం అన్నింటికన్నా కష్టమైన పని, అన్నింటికన్నా ముందు జరగవలసిన పని కూడా. ఆ తరవాత ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా సొమ్ము బ్యాంకులో చేరాలి. అది లేకుండా మదుపు మొదలుపెట్టినవారు మొదటి అవసరానికే దాన్ని చెరిపేస్తారు. మదుపు మొదలైనప్పుడు జీతం పడిన మర్నాడే వాయిదా దానంతటది వెళ్లిపోయేట్టు ఏర్పాటు చేసుకుని, రోజూ ధర చూపించే ట్రేడింగ్ యాప్‌లను ఫోన్ నుంచి తీసేయాలి. కోల్పోయినదంతా మదుపు ద్వారా రెండేళ్లలో రాబట్టుకోవాలన్న లెక్క ఎవరైనా వేస్తుంటే, వారింకా ఆ పందెం బల్ల దగ్గరి నుంచి లేవలేదని ఇంట్లోవారు గ్రహించాలి.

ఆపాలనుకున్నా ఆపలేకపోతున్నవారికీ, అప్పుల ఒత్తిడిలో ప్రాణం మీదికి ఆలోచన పోతున్నవారికీ వైద్య సహాయం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం బాచుపల్లికి దూరమేమీ కాదు. బెట్టింగ్ యాప్ పేరుతో మోసపోయినవారు సైబర్ నేరాల నంబరు 1930కి వెంటనే తెలిపితే, ఆ సొమ్ము ఖాతాలు దాటిపోకముందే ఆపించే వీలుంటుంది. ఈ నంబర్లకు ఫోన్ చేయవలసినది ఆడే మనిషే కానక్కరలేదు. భార్య గాని, తల్లిదండ్రులు గాని, హాస్టల్ గదిలోని స్నేహితుడు గాని చేయవచ్చు.